దుంప ఊరని బీట్‌రూట్

(హైదరాబాదులో మిద్దెతోటల వాళ్ళం నెలకోసారి కలుసుకునే చోట, నవంబరు మొదటి ఆదివారం ఒక సభ్యురాలు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందాండీ? సరే. ఈ మైకు కన్నా మా మేడ మీద పావురాలే గట్టిగా అరుస్తాయి. దగ్గరగా పట్టుకుని మాట్లాడతాను.

ముందు నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పేస్తాను. నాలుగేళ్ళ కిందట ఒకచోట ‘దేశీ బీట్‌రూట్, నాటు విత్తనం’ అని రాసి ఉన్న పొట్లం కొన్నాను. ఎక్కడ కొన్నాను అన్నది వద్దులెండి. అక్టోబరులో పెట్టాను. ఎంత బాగా మొలిచిందనుకున్నారు! గింజ గింజకీ మొలక. ఆకులు చూస్తే అరచేతులంత. మేడ ఎక్కిన ప్రతివాళ్ళకీ చూపించాను. మా ఆడపడుచు వస్తే “వదినా, క్రిస్మస్ సెలవుల్లో రండి, ఓ సంచీడు ఇచ్చి పంపుతాను” అన్నాను.

60 రోజులయింది. 70 అయింది. 80 అయింది. వేలితో మట్టి గోకి చూస్తే కింద వేరుంది గానీ దుంప లేదు. వర్మికంపోస్టు ఎక్కువైందేమో అనుకున్నాను. ఎండ చాలలేదేమో అనుకున్నాను. బస్తాలన్నీ ఆ మూల నుంచి ఈ మూలకి ఈడ్చాను. చివరికి మా ఇంట్లో పని చేసే అమ్మాయి ఓ ఆకు తుంచి, నమిలి చూసి, “అమ్మా, ఇది పాలకూర గదమ్మా” అంది.

పాలకూరేనండీ! 80 రోజులు పాలకూరకి దుంప ఊరుతుందని కూర్చున్నాను.

నవ్వండి, పర్లేదు. కానీ ఒక్కటి అడుగుతాను. నేను పదిహేనేళ్ళుగా మొక్కలు పెంచుతున్నదాన్ని. గింజ చేత్తో పట్టుకుని, చూసి, నాటినదాన్ని. నాకెందుకు తెలియలేదు? ఈ రెండు డబ్బాలూ అటు నుంచి ఇటు పంపిస్తాను, మీరూ చూడండి. ఒకదాంట్లో బీట్‌రూట్, ఒకదాంట్లో పాలకూర. ఏది ఏదో చెప్పండి చూద్దాం. కలపకండేం, దయచేసి కలపకండి.

చెప్పలేరు. ఎందుకంటే ఆ రెండూ ఒక్కటే. అంటే ఒకే జాతి. మన బజారులో కట్టలు కట్టి అమ్మే పాలకూర ఉంది చూశారూ, అది బీట్‌రూట్‌కి తోడబుట్టిన చెల్లెలు. బీటా వల్గారిస్ అని శాస్త్రం పేరు, రెండిటికీ అదే. ఇంగ్లీషు వంటల్లో స్పినాచ్ అంటారే, అది వేరే మొక్క. ఉత్తరాదిన దాన్ని విలాయతి పాలక్ అంటారు. మనది మాత్రం బీట్‌రూట్ ఇంటి మనిషి. ఒకళ్ళు ఆకులో బలం పెట్టుకున్నారు, ఒకళ్ళు దుంపలో పెట్టుకున్నారు, అంతే తేడా. ఇంకో అన్న కూడా ఉన్నాడు, చక్కెర దుంప. యూరప్‌లో 1801లో దాంతో పంచదార ఫ్యాక్టరీ పెట్టారు. మన పాలకూరలో పూసా హరిత్ అని ఒక రకం ఉంది, అది పాలకూరకీ చక్కెర దుంపకీ పెళ్ళి చేసి తీసిందే. అంత దగ్గర చుట్టాలు.

అయితే గింజలో తేడా తెలియకపోయినా మొలకలో తెలుస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, నేను 80 రోజులు పోగొట్టుకుని నేర్చుకున్నది. మొలక రాగానే, మొదటి రెండాకుల కింద కాడ చూడండి. ఎర్రగా, గులాబీగా ఉంటే అది ఎర్ర బీట్‌రూట్. తెల్లగా పచ్చగా ఉంటే అనుమానించండి. పసుపు దుంప రకాలకి కాడ కూడా పసుపుపచ్చగా ఉంటుంది, అది వేరు సంగతి. ఎర్ర రకం అని కొన్న పొట్లంలో కాడ ఎర్రగా రాకపోతే ఆ రోజే పప్పులో వేసుకోండి. ఎనభై రోజులు ఆగొద్దు.

ఇప్పుడా గింజ సంగతి. డబ్బా చేతిలో ఉన్నవాళ్ళు ఒకటి తీసి వేళ్ళ మధ్య నలపండి. గరుగ్గా, బెండు ముక్కలా లేదూ? అది గింజ కాదండీ. అది కాయ. రెండు మూడు కాయలు ఒకదానికొకటి అతుక్కుని ఎండిపోయిన ముద్ద. లోపల ఒక్కోదాంట్లో ఒక్కో అసలు గింజ ఉంటుంది, చిన్నది, మెరుస్తూ. అందుకే ఒక ‘గింజ’ పెడితే మూడు మొలకలు వస్తాయి, ఒక్కోసారి నాలుగు. కొత్తగా పెంచేవాళ్ళు నాకు ఫోను చేసి, “నేను దూరం దూరంగానే పెట్టానండీ, గుంపులుగా ఎందుకొచ్చాయి?” అంటారు. మీ తప్పు కాదు, అది దాని తీరు.

ఈ గుంపు గోల పెద్ద పెద్ద రైతులకి కూడా ఉండేది. అమెరికాలో చక్కెర దుంప పొలాల్లో కూలీలు వంగి వంగి ఒత్తు మొక్కలు పీకేవాళ్ళు. 1948లో సావిట్స్‌కీ అనే శాస్త్రవేత్త ఆరెగాన్‌లో పొలాలకి పొలాలు వెతికి, ఒక్కో కాయలో ఒకే గింజ ఉండే మొక్కలు పట్టుకున్నాడు. ఎన్ని దొరికాయనుకున్నారు? అయిదు. ఈనాటి ఒంటి గింజ చక్కెర దుంపకి మూలం ఆ వెతుకులాటే. కానీ మన పాత బీట్‌రూట్ రకాలు ఇంకా గుంపు గింజలే. కాబట్టి పీకే పని మనదే.

పీకడం గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ సగం మంది ఓడిపోయేది అక్కడే. మా అమ్మ బతికుండగా మా మేడ ఎక్కితే మొలక పీకనిచ్చేది కాదు. “ప్రాణం పోసుకున్నదాన్ని ఎందుకే లాగేస్తావ్” అనేది. నిజమే, చేతులు రావు. కానీ ఒక చోట మూడు ఉంచితే ఏమవుతుంది? మూడు ఆకులు, మూడు వేళ్ళు, ఒక్క దుంపా ఉండదు. లేదా మూడు కలిసి మెలిపడి చిక్కుడు కాయంత దుంపలు. మొక్కకి మూడు నాలుగు ఆకులు రాగానే గుంపులో బలమైనది ఒకటి ఉంచి, మిగతావి కత్తెరతో మొదట్లో కత్తిరించండి. లాగితే పక్కదాని వేరు కదిలిపోతుంది. దుంపకీ దుంపకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. కత్తిరించినవి పారేయద్దు, పెసరపప్పులో వేయండి. అమ్మకి ఆ పప్పు పెట్టాక ఇంక అడ్డం చెప్పలేదు.

ఇంకో మాట. కారెట్ నారు పీకి నాటితే దుంప వంకర్లు పోతుంది, తెలుసు కదా. బీట్‌రూట్ అంత పంతం పట్టదు. తడి మట్టిలోంచి నెమ్మదిగా, సాయంత్రం పూట తీసి వేరే బస్తాలో నాటితే బతుకుతుంది. చంపడానికి చేతులు రానివాళ్ళు అలా చేసుకోండి.

ఎప్పుడు పెట్టాలి? మనకి అక్టోబరు రెండో వారం నుంచి డిసెంబరు దాకా. ఇవాళ నవంబరు, ఇవాళ ఇంటికెళ్ళి పెట్టినా ఆలస్యం కాదు. జనవరి దాటి పెడితే దుంప ఊరే వేళకి ఎండ వచ్చేస్తుంది. ఎండలో ఊరిన దుంప కోస్తే ఎరుపు మధ్యలో తెల్ల తెల్ల చారలు కనిపిస్తాయి, రుచీ తగ్గుతుంది. గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, ఇంకోసారి కడిగి పెట్టండి. ఆ బెండులో మొలకని ఆపే పదార్థాలు ఉంటాయి, నీళ్ళతో పోతాయి. అర అంగుళం, మహా అయితే ముప్పావు అంగుళం లోతు. వారం, పది రోజుల్లో మొలుస్తుంది. కుండీ వెడల్పు మీ ఇష్టం, లోతు మాత్రం 10, 12 అంగుళాలు ఉండాలి. అయిదారు గంటల ఎండ.

పశువుల ఎరువు మాగినదే వేయండి, కొంచెమే వేయండి. ఈ సభలో చెప్పకూడదేమో గానీ, మన మిద్దెతోటల వాళ్ళకి ఎరువు చేయి కొంచెం ఎక్కువే. సగం బస్తా ఎరువే నింపుతాం! దాంతో ఆకు పిచ్చిగా పెరుగుతుంది, దుంప గోళీ అంత ఉంటుంది. ఆకు చూసి మురిసిపోకండి. నేను మురిసిపోయాను, చూశారుగా.

దుంప కోస్తే లోపల నల్లగా, చెక్కలా మచ్చలుంటే అది పురుగు కాదు, బోరాన్ అనే పోషకం లోపం. బీట్‌రూట్‌కి బోరాన్ మిగతా కూరల కన్నా ఎక్కువ కావాలి. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఎక్కువ వాడేవాళ్ళకి ఇది వస్తూ ఉంటుంది. లీటరు నీళ్ళకి ఒక గ్రాము బోరాక్స్, ఒక్కసారి ఆకుల మీద చల్లితే చాలు. ఒక గ్రాము అన్నాను, చెంచాడు కాదు. ఎక్కువైతే విషం.

పావురాలు మొలకల్ని కత్తిరించేస్తాయి, పైన వల కప్పండి. పేనుబంకకి వేపనూనె. ఇవి మీకు తెలిసినవే, ఇక్కడ ఆగను.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. మొన్న విత్తనాల మేళాలో ఒక తమ్ముడు అడిగాడు, “అక్కా, హైబ్రిడ్ వద్దు, దేశీ బీట్‌రూట్ కావాలి” అని. ఏమని చెప్పను? దేశీ వంకాయ ఉంది. దేశీ బీర ఉంది, చిక్కుడు ఉంది, తోటకూర ఉంది. వంకాయకి ఊరికో పేరుంది. బీట్‌రూట్‌కి మనం ఒక్క తెలుగు పేరైనా పెట్టుకున్నామా? పాతబస్తీ బండి మీద చుకందర్ అంటారు, మనమేమో బీట్‌రూట్ అంటాం. పేరే లేని కూరకి నాటు రకం ఎక్కడి నుంచి వస్తుంది?

కానీ అతను అడిగినదాంట్లో అర్థం లేకపోలేదు. అతనికి కావలసింది ఏమిటి? గింజ దాచుకుని మళ్ళీ పెడితే మళ్ళీ అదే రావాలి. దాన్ని మన వ్యవసాయం వాళ్ళు సూటి రకం అంటారు. హైబ్రిడ్‌ని సంకర రకం అంటారు. సూటి రకాల్లో తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన పాతవి ఉంటాయి, వాటినే బయటి దేశాల్లో హెయిర్‌లూమ్ అంటారు, తాతల నాటి నగలాగా. బీట్‌రూట్‌లో అలాంటివి ఉన్నాయి, మన తాతలవి కాదు, వేరేవాళ్ళ తాతలవి. పరాయి తాత అయితేనేం, తాతే కదా.

మీలో చాలామంది ఇంట్లో ఇప్పటికే ఒకటుంది, మీకు తెలియదు. డెట్రాయిట్ డార్క్ రెడ్. ఏ విత్తనాల కొట్లో అడిగినా ఇచ్చే మామూలు ఎర్ర బీట్‌రూట్ అదే. చవగ్గా దొరుకుతుంది గనక దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది 1892లో అమెరికాలో డెట్రాయిట్ విత్తనాల కంపెనీ ఒకటి బయటపెట్టిన రకం. 130 ఏళ్ళు దాటింది. మీరు ‘హెయిర్‌లూమ్’ అని పెద్ద బొమ్మ వేసిన పొట్లం 300 పెట్టి కొంటారు, పక్కన 30 రూపాయల పొట్లంలో ఆ ముసలాయన కూర్చుని ఉంటాడు! కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాంతోనే మొదలుపెట్టండి. 60, 65 రోజుల్లో వస్తుంది.

ఇంకొకటి క్యోజా. ఇటలీలో వెనిస్ దగ్గర సముద్రం ఒడ్డున ఊరు పేరు అది. అడ్డంగా కోస్తే ఎరుపు, తెలుపు వలయాలు, అచ్చం ముగ్గు వేసినట్టు. పిల్లలున్న ఇంట్లో పెంచండి. కానీ ముందే చెబుతున్నా, ఉడికిస్తే ఆ ముగ్గు వెలిసిపోతుంది. పచ్చిగా తింటేనే అందం. బుల్స్ బ్లడ్ అని ఇంకొకటి, ఆకు నల్లటి ఎరుపు. దుంప కన్నా ఆకు కోసం పెంచుతారు. సిలిండ్రా డెన్మార్క్‌ది, ములక్కాడ ముక్కలా పొడుగు దుంప, చక్రాల్లా తరగడానికి బాగుంటుంది. నాకు వీటిలో ఏది ఇష్టం అంటే, రుచికి డెట్రాయిట్, ఫోటోకి క్యోజా. అబద్ధం ఎందుకు.

సరే, పాత రకం తెచ్చాం, పెంచాం, తిన్నాం. గింజ? గింజ దాచుకోకపోతే ఇంక హెయిర్‌లూమ్ అని చెప్పుకోవడం ఎందుకు?

ఇక్కడే చిక్కు. బీట్‌రూట్‌ది రెండేళ్ళ ఆయుష్షు. మొదటి ఏడు దుంప ఊరి, చలికాలం అంతా నిద్రపోయి, రెండో ఏడు ఆ దుంపలోంచి నిలువెత్తు కాడ వేసి పూస్తుంది. ఆ నిద్ర పట్టాలంటే మామూలు చలి చాలదు. 10 డిగ్రీల లోపు, వారం కాదు, రెండు మూడు నెలలు. మన హైదరాబాదులో జనవరి రాత్రి 12కి వస్తే శాలువాలు తీస్తాం. అదీ రాత్రి. మధ్యాహ్నం మళ్ళీ 29. ఆ దుంపకి అది కునుకు పాటు కూడా కాదు. అందుకే మన మేడ మీద బీట్‌రూట్ ఎన్నాళ్ళు ఉంచినా ముదిరి పీచవుతుంది గానీ పూయదు.

నాకు మొండి. ఫ్రిజ్ ఉంది కదా అనుకున్నాను. అక్టోబరులో పెట్టి, డిసెంబరు ఆఖరున మంచి దుంపలు మూడు ఏరి, ఆకు రెండంగుళాలు ఉంచి కత్తిరించి, తడి కోకోపీట్‌లో కప్పి కింద సొరుగులో పెట్టాను. రెండు నెలల పైన. మా ఆయన రోజూ తలుపు తీసి “ఇవి కూరకా, చదువుకా?” అనేవారు. మార్చిలో తీసి చూస్తే ఒకటి కుళ్ళిపోయింది. ఒకటి లేదు. ఏమైందంటే, నేను ఊరెళ్ళినప్పుడు ఆయనకి మర్నాడు కూర కావలసి వచ్చిందట! మిగిలినదాన్ని నాటాను. నిజంగా కాడ వేసిందండీ. అడుగు పొడుగు. పూత కూడా వచ్చింది, ఆకుపచ్చ చుక్కల్లా, అది పువ్వని ఎవరూ అనుకోరు. నేను మాత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏప్రిల్ ఎండకి వారంలో మాడిపోయింది.

తర్వాత చదివితే తెలిసింది, మాడకపోయినా దాంట్లో గింజ పట్టేది కాదని. బీట్‌రూట్ తన పుప్పొడి తనకి పట్టనివ్వదు. వేరే మొక్క పుప్పొడి గాలికి కొట్టుకుని రావాలి. ఒంటి మొక్క పూస్తే ఏం లాభం? రకం చెడకుండా నిలుపుకోవాలంటే పదుల కొద్దీ దుంపలు ఒకేసారి పూయించాలి. పైగా ఆ గాలి మైళ్ళు పోతుంది. చుట్టుపక్కల ఎవరి పాలకూరైనా పూతకి వస్తే అది కూడా వచ్చి కలుస్తుంది. చుట్టాలు కదా.

మరి మనం కొనే గింజ ఎక్కడిది? కొంత బయటి దేశాలది. మన దేశంలో హిమాచల్‌లో కులు లోయ ఉంది, అక్కడ కట్రాయిన్‌లో పూసా వాళ్ళ, అంటే ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళ, కేంద్రం ఉంది. ఇలాంటి చలి కూరలకి గింజ ఆ కొండల్లోనే పడుతుంది. దక్షిణాదిన ఒక్కటుంది, నాకు దానిమీద చాలా మనసు. ఊటీ-1. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు నీలగిరిలో అక్కడి రకంలోంచే ఏరి తీసిన సూటి రకం. అది ఆ కొండ మీదే పూసి అక్కడే గింజ పడుతుంది. ఆ తమ్ముడు అడిగిన దేశీ బీట్‌రూట్ అంటూ ఏదైనా ఉంటే నా లెక్కలో అదే. ఆలస్యంగా వస్తుంది, నాలుగు నెలలు పడుతుంది. అక్టోబరులోనే పెట్టేయాలి.

ఇక్కడ విశాఖ మన్యం నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరా. లంబసింగిలో పొద్దున్నే మంచు గడ్డి మీద పేరుకుంటుందని మనం కార్లేసుకుని ఫోటోలకి వెళ్తాం కదా. అక్కడ ఒక పెరట్లో 40 దుంపలు చలికాలం అంతా మట్టిలోనే ఉంచి చూస్తే ఏమవుతుంది? ఆ చలి చాలుతుందా, చాలదా? నాకు మనసులో ఇది తిరుగుతోంది. అక్కడ చుట్టాలున్నవాళ్ళు నాతో మాట్లాడండి, గింజలు నేనిస్తాను, ఖర్చు నాది.

అంతవరకూ ఏం చేస్తాం? గింజ తెచ్చుకుంటాం. తెచ్చుకున్న ఏడు పొట్లం మీద రాస్తాం. పొడిగా, గాలి చొరని సీసాలో, ఫ్రిజ్‌లో పెడితే నాలుగేళ్ళు నిక్షేపంగా మొలుస్తుంది. అనుమానముంటే పది గింజలు తడి గుడ్డలో మూటకట్టి చూసుకోండి, మన అమ్మమ్మలు విత్తనాల వేళ చూసేవాళ్ళు కదా, అలాగే. ఒక్క పొట్లం పది మందిమి పంచుకుంటే ఎవరి దగ్గర ఏ రకం ఉందో తెలుస్తుంది, ఒకరిది పాడైనా ఇంకొకరి దగ్గర ఉంటుంది.

ఇంక ఆ చెల్లెలు ఉంది చూశారూ, నన్ను మోసం చేసిన పాలకూర. దాన్ని అప్పుడు కోపంతో పీకేద్దామనుకుని ఒక మూల వదిలేశాను. ఫిబ్రవరిలో అది తనంతట తనే కాడలు వేసింది. ఫ్రిజ్ అడగలేదు, కొండ అడగలేదు. పన్నెండు మొక్కలు ఒకేసారి పూశాయి, ఏప్రిల్ ఎండకి మాడలేదు సరికదా, ఆ ఎండకే గింజ గోధుమరంగుకి తిరిగి గలగలమంది. రెండు దోసిళ్ళు వచ్చింది. నాలుగేళ్ళుగా ఆ గింజే పెడుతున్నాను. ఈ డబ్బాలో ఉన్నది అదే.

ఏంటమ్మా, చివర్న? ఆఁ, బీట్‌రూట్ ఆకు తినొచ్చా అని అడుగుతున్నారు. తినొచ్చు, పాలకూర ఎలా వండుతారో అలాగే. కానీ ఒక్కో మొక్కకీ ఒకటి రెండు ఆకులే కోయండి, దుంపకి తిండి పెట్టేది ఆకే. ఇంకోటి, పిల్లలకి బీట్‌రూట్ పెట్టిన మర్నాడు బాత్రూములో ఎర్రగా కనిపిస్తే కంగారుపడి ఆసుపత్రికి పరిగెత్తకండి. కొందరికి అలా రంగు దిగుతుంది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర కవర్లు ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. ఎర్ర కవర్లో డెట్రాయిట్, పచ్చ కవర్లో పాలకూర, ఒక్కోదాంట్లో ఇరవై గింజలు. ఇందాక తిరిగిన డబ్బాలు నాకు వెనక్కి... అయ్యో, ఇదేమిటీ, రెండు మూతలూ తీసి ఉన్నాయి! ఎవరండీ కలిపింది?